పవరాఫ్ అని ఎవరికి చెప్పాలి?

కొన్నేళ్ల కిందట నా బల్ల మీద ఒక చిన్న ఆర్మ్ బోర్డు (ఫోన్లలో ఉండే రకం సీపీయూతో, లైనక్స్ నడిచే చిన్న కంప్యూటర్) ఉండేది. తయారుచేసినవాళ్ల పేరు ఇక్కడ అనవసరం. అన్ని పనులూ బాగానే చేసేది, ఒక్క ఆగిపోవడం తప్ప. సీరియల్ కేబుల్ పెట్టి 'పవరాఫ్' అని కొడితే సర్వీసులు ఒక్కొక్కటే మూతపడేవి, ఫైల్‌సిస్టమ్‌లు అన్‌మౌంట్ అయ్యేవి, ఆఖర్న 'రీబూట్: పవర్ డౌన్' అని ఒక లైను పడేది. మామూలుగా కథ అక్కడితో సరి. నా బోర్డులో మాత్రం ఆ కింద ఓ పేజీడు గోల, దాని చివర ఈ ముక్క: 'కెర్నెల్ పానిక్ - నాట్ సింకింగ్: అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్!' బోర్డు మీది లైటేమో ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉండేది.

ఆపమంటే 'చంపేస్తున్నారు బాబోయ్' అని అరిచి, చావకుండా కూర్చునేదన్నమాట.

పానిక్ అన్న మాట పట్టుకుని రెండు రోజులు తప్పు దారిలో వెతికాను. ఇనిట్‌ను, అంటే అన్నిటికన్నా ముందు మొదలై మిగతా ప్రోగ్రాములను నడిపించే ప్రాసెస్‌ను, ఎవరు చంపుతున్నారా అని. తీరా కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డు) సోర్సు తెరిస్తే సంగతి చాలా చిన్నది. లైనక్స్‌లో మెషీన్‌ను ఆపడానికీ, మళ్లీ మొదలుపెట్టడానికీ ఒకటే సిస్టమ్ కాల్ (ప్రోగ్రాములు కెర్నెల్‌ను పని అడిగే దారి) ఉంది, దాని పేరు రీబూట్. అందులో పవరాఫ్ కేసు కింద రెండే పనులు రాసి ఉంటాయి. ఒకటి, పవర్ తీసెయ్యి. రెండు, ఈ కాల్ చేసిన ప్రాసెస్‌ను ముగించెయ్యి. మొదటిది నిజంగా జరిగితే రెండోదాని దాకా వచ్చే ప్రసక్తే లేదు. వచ్చిందంటే మొదటిది జరగలేదని. ఆ ఘడియకు ఈ కాల్ చేసేది ఒకటో నంబరు ప్రాసెస్, అంటే ఇనిటే. అది ముగిసిపోతే యూజర్ స్పేస్‌కు, అంటే కెర్నెల్ బయట నడిచే ప్రోగ్రాములకు, దిక్కెవరూ లేరు కనుక కెర్నెల్ గగ్గోలు పెడుతుంది. నా కెర్నెల్ చెప్పాలనుకున్నది ఇదీ: 'కరెంటు తియ్యమని చెప్పాను, ఎవరూ తియ్యలేదు.'

ఆ 'ఎవరూ' అన్న మాటలోనే ఉంది చిక్కంతా. కెర్నెల్‌కు కరెంటు తీసే శక్తి లేదు. అది సీపీయూ మీద నడిచే ఒక ప్రోగ్రాము. సీపీయూకు కరెంటు ఇచ్చేది బయట ఇంకెవరో. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటుంటాం కదా, ఇక్కడ కొమ్మ మీద కూర్చున్నవాడి చేతిలో గొడ్డలి కూడా లేదు. కింద ఉన్నవాణ్ని కేకేసి నరకమనాలి. ఆ కింద ఉన్నది ఎవరు? ఏమని పిలిస్తే పలుకుతాడు? అన్నిటికన్నా ముఖ్యం, పిలవాల్సిన ఆ ఆఖరి క్షణానికి మన నోరు ఇంకా పెగులుతుందా?

పీసీలో ఎవరికి చెబుతారు

పాత పీసీల్లో ఈ గొడవే లేదు. డబ్బా మీది ఎర్ర స్విచ్ నేరుగా కరెంటు తీగకే అడ్డంగా ఉండేది. విండోస్ 95 తన పనులు చక్కబెట్టుకుని, నల్లటి తెర మీద నారింజరంగు అక్షరాల్లో 'ఇక మీరు కంప్యూటర్‌ను క్షేమంగా ఆపుకోవచ్చు' అని చెప్పి చేతులు కట్టుకుని నిలబడేది. నిజాయితీ గల ఏర్పాటు. నా చేతిలో లేదు, మీరే నొక్కండి అని ఒప్పుకునేది.

1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణంతో ఇది మారింది. ఏటీఎక్స్ పవర్ సప్లై, ప్లగ్గులో ఉన్నంతసేపూ పూర్తిగా ఆగదు. ఊదారంగు తీగ మీద 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఎప్పుడూ ఇస్తూనే ఉంటుంది. మిగతా కరెంటంతా ఆకుపచ్చ తీగ చెప్పినట్టు నడుస్తుంది. ఆ తీగను గ్రౌండ్‌కు లాగితే సప్లై మొదలవుతుంది, వదిలేస్తే ఆగుతుంది. రిపేరు షాపులో కుర్రాడు పేపర్ క్లిప్పు వంచి ఆకుపచ్చ తీగనూ పక్కనున్న నల్ల తీగనూ కలిపి ఎస్ఎంపీఎస్ (అదే, పవర్ సప్లై) ఫ్యాను తిరుగుతోందా అని చూస్తాడే, అతను చేసేది ఇదే. మదర్‌బోర్డు చేయాల్సిన పనిని క్లిప్పుతో చేస్తున్నాడు. క్లిప్పు తీసేస్తే పవరాఫ్.

కాబట్టి పీసీలో కెర్నెల్ చేయాల్సింది చిప్‌సెట్‌కు (మదర్‌బోర్డు మీది సహాయక చిప్‌కు) 'ఆ తీగ వదిలెయ్యి' అని చెప్పడం. మొదట్లో దానికి ఏపీఎం అనే బయాస్ (మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్) పద్ధతి ఉండేది, 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి రాసింది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా ఏసీపీఐ అనే కొత్త ప్రమాణాన్ని విడుదల చేశాయి. ఈనాటికీ పీసీలు దాని మీదే ఆగుతున్నాయి. ఏసీపీఐ లెక్కలో పవరాఫ్ అంటే ఎస్5 అనే స్థితి. నిద్రల్లో అది ఆఖరి నిద్ర. కెర్నెల్ ముందు ఫర్మ్‌వేర్ రాసిపెట్టిన 'నిద్రకు సిద్ధం కా' అనే చిన్న ప్రోగ్రామును 5 అన్న అంకెతో నడుపుతుంది. తర్వాత పీఎం1 కంట్రోల్ అనే రిజిస్టర్‌లో (చిప్‌లో అంకెలు రాసే చిన్న గడిలో) మూడు బిట్లలో నిద్ర రకం రాసి, 13వ బిట్‌ను ఒకటి చేస్తుంది. అంతే. ఆ ఒక్క బిట్ పడగానే చిప్‌సెట్ తీగ వదిలేస్తుంది. ఎస్5కు మూడు బిట్లలో ఏ అంకె రాయాలన్నది కూడా కెర్నెల్‌కు సొంతంగా తెలియదు. ఫర్మ్‌వేర్ ఇచ్చిన పట్టికలో చూసి రాస్తుంది.

మెషీన్ బిగుసుకుపోయినప్పుడు బటన్ నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటాం కదా. అది కెర్నెల్‌ను అడగకుండా చిప్‌సెట్ తనంతట తాను చేసే పని. మామూలుగా ఒకసారి నొక్కడం మాత్రం కేవలం విన్నపం. దాన్ని మన్నించాలా వద్దా అన్నది ఆపరేటింగ్ సిస్టమ్ ఇష్టం.

ఇక్కడో పక్కమాట. విండోస్ 8తో 2012లో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, విండోస్ 'షట్‌డౌన్' అంటే పూర్తి షట్‌డౌన్ కాదు. మన ప్రోగ్రాములు మూసి, కెర్నెల్ భాగాన్ని హైబర్నేట్ చేసి డిస్క్‌లో దాచుకుంటుంది. అదే కంప్యూటర్‌లో లైనక్స్ పెట్టుకున్నవాళ్లకు విండోస్ పార్టిషన్ మౌంట్ కాకుండా సతాయించేది తరచూ ఇందువల్లే. శుభ్రంగా ఆపి మొదలుపెట్టాలంటే షట్‌డౌన్ కన్నా రీస్టార్టే నయం. వినడానికి వింతగా ఉన్నా నిజం.

పందిరి విప్పే వరస

బటన్ నొక్కాక కరెంటు పోయేలోపు జరిగేదంతా ఒక పందిరి విప్పడం. గుంజలు పాతి, వాసాలు కట్టి, తాటాకులు పరిచి, ఆఖర్న తోరణాలు కడతాం. విప్పేటప్పుడు తోరణాలు ముందు, గుంజలు చివర. ఎవరైనా తొందరపడి ముందే గుంజ పీకితే తాటాకు మీద ఉన్నవాడి గతి చెప్పక్కర్లేదు.

యూజర్ స్పేస్ వంతు ముందు. నేటి లైనక్స్‌లలో ఎక్కువగా సిస్టమ్‌డీ ఆ పని చేస్తుంది. ప్రతి సర్వీసునూ మర్యాదగా ఆగమంటుంది, గడువు దాటితే మెడపట్టి గెంటుతుంది. ఆ గడువు మామూలుగా 90 సెకన్లు. 'ఎ స్టాప్ జాబ్ ఈజ్ రన్నింగ్' అంటూ ఎర్ర చుక్కలు అటూ ఇటూ తిరుగుతుంటే తెర ముందు మనం కూర్చునే ఆ ఒకటిన్నర నిమిషం ఇదే. తర్వాత ఫైల్‌సిస్టమ్‌లు వదిలించుకుని, వదలనివాటిని చదవడానికి మాత్రమే ఉండేట్టు మార్చి, అప్పుడు రీబూట్ కాల్ చేస్తుంది. ఈ వరస ఎందుకంటే రీబూట్ కాల్ తనంతట తాను డేటాను డిస్క్‌కు రాయదు. ముందు సింక్ చేయకుండా నేరుగా ఆ కాల్ చేస్తే మెమరీలో మిగిలింది గాలికి పోయినట్టే.

పొరపాటున ఎవరూ ఈ కాల్ చేయకుండా ఒక తాళం కూడా పెట్టారు. కాల్‌తో పాటు రెండు మాయసంఖ్యలు ఇవ్వాలి. మొదటిది 4276215469. హెక్సాడెసిమల్‌లో రాస్తే 'ఫీల్ డెడ్' అని ఇంగ్లిష్ అక్షరాల్లా కనబడుతుంది. రెండోది 672274793. అదే పద్ధతిలో రాస్తే 28121969, లైనస్ టోర్వాల్డ్స్ పుట్టినరోజు. దీని బదులు ఇంకో మూడు సంఖ్యలూ చెల్లుతాయి, అవి ఆయన ముగ్గురు కూతుళ్ల పుట్టినరోజులు. కోట్ల మెషీన్లు ఒక ఇంటి పుట్టినరోజులు చెప్పి నిద్రపోతున్నాయి.

ఇక్కణ్ణుంచి కెర్నెల్ వంతు. ముందు, 'మెషీన్ ఆగిపోతోంది, తెలియజెయ్యండి' అని పేరు నమోదు చేసుకున్నవాళ్లందరికీ కబురు పంపుతుంది. సిస్టమ్ స్థితిని 'పవరాఫ్' అని మార్చుకుంటుంది. కొత్తగా యూజర్ స్పేస్ ప్రోగ్రాములను పిలవడం మానేస్తుంది. తర్వాత డివైస్‌లన్నిటినీ నమోదైన వరసకు ఎదురు వరసలో ఒక్కొక్కదాన్నీ తట్టి, దాని డ్రైవర్‌కు (ఆ డివైస్‌ను నడిపే కోడ్‌కు) షట్‌డౌన్ ఫంక్షన్ ఉంటే నడుపుతుంది. పిల్ల ముందు, తల్లి తర్వాత. యూఎస్‌బీ డిస్క్ ముందు, యూఎస్‌బీ కంట్రోలర్ తర్వాత.

డిస్క్‌ల విషయంలో ఈ దశ నామమాత్రం కాదు. హార్డ్‌డిస్క్‌కు 'నీ క్యాష్‌లో ఉన్నది పళ్లెం మీద రాసుకో, తల పక్కకు పెట్టుకుని తిరగడం ఆపు' అని చెబుతారు. చెప్పకుండా కరెంటు పీకితే, తిరుగుతున్న పళ్లెం మిగిలిన ఊపుతోనే తలను వెనక్కి లాక్కుంటుంది. ఆ 'టక్' మన చెవికి కూడా వినబడుతుంది. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ అయితే కంట్రోలర్ రిజిస్టర్‌లో షట్‌డౌన్ బిట్లు రాసి, 'అయింది' అని స్టేటస్ వచ్చేదాకా ఆగుతారు. ఆ మర్యాద జరగని ప్రతిసారీ డిస్క్ తన ఖాతాలో రాసిపెట్టుకుంటుంది. స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో మీ ఎన్‌వీఎంఈ డిస్క్‌ను అడిగి చూడండి, 'అన్‌సేఫ్ షట్‌డౌన్స్' అని ఒక లెక్క కనబడుతుంది. కరెంటు తరచూ పోయే ఊళ్లో, యూపీఎస్ లేని ఇంట్లో ఆ అంకె చూస్తే బాధేస్తుంది.

డివైస్‌ల తర్వాత సీపీయూలు. పని ఒకే సీపీయూ మీదికి, మామూలుగా సున్నా నంబరుదాని మీదికి, మారుతుంది. 'పవర్ డౌన్' అని లాగ్‌లో రాస్తుంది. మిగతా సీపీయూలను ఆపేస్తుంది, ఇంటరప్ట్‌లు (డివైస్‌లు సీపీయూను తట్టి పిలిచే సంకేతాలు) కట్టేస్తుంది. ఇప్పుడు కెర్నెల్ ఒంటరి. ఎవరూ పిలవరు, ఎవరి కోసమూ ఆగలేదు. ఆ స్థితిలో, కింద ఉన్నవాణ్ని కేకెయ్యాలి.

కేక వినబడేదెలా

పీసీలో ఆ కేక ఒక రిజిస్టర్ రాత, ఏ స్థితిలోనైనా చెయ్యొచ్చు. ఫోన్లలో, చిన్న బోర్డుల్లో అంత సుఖం లేదు. అక్కడ కరెంటు పంపిణీ చేసేది పీమిక్ అనే వేరే చిప్. బ్యాటరీ నుంచి సీపీయూకు, మెమరీకి, తెరకు వేర్వేరు వోల్టేజీలు ఇచ్చేది అదే. సీపీయూకూ పీమిక్‌కూ మధ్య మాటలు చాలాచోట్ల ఐ2సీ అనే రెండు తీగల బస్సు మీద నడుస్తాయి. నిదానమైన బస్సు. మామూలుగా డ్రైవర్ ఏం చేస్తుందంటే, బైటు పంపి, 'అందింది' అన్న ఇంటరప్ట్ వచ్చేదాకా నిద్రపోతుంది.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. పవరాఫ్ చెప్పాల్సిన క్షణంలో ఇంటరప్ట్‌లు కట్టేసి ఉన్నాయి. నిద్రపోతే లేపేవాడు లేడు. అందరినీ ఇంటికి పంపేశాక, తాళంచెవి ఉన్నవాడికి కబురు తీసుకెళ్లే మనిషి కూడా వాళ్లలోనే వెళ్లిపోయాడని గుర్తొచ్చినట్టు. చాలాకాలం ఇది ఒక్కో బోర్డులో ఒక్కోలా, కొన్నిచోట్ల కేవలం అదృష్టం కొద్దీ నడిచింది. 2019లో వచ్చిన 5.2 కెర్నెల్‌లో ఐ2సీ డ్రైవర్లకు ప్రత్యేకంగా ఇంకో దారి ఇచ్చారు. ఇంటరప్ట్ కోసం చూడకుండా, రిజిస్టర్‌ను పదేపదే తొంగిచూస్తూ బైటు పంపే ఫంక్షన్ ఒకటి డ్రైవర్ రాసుకోవచ్చు. సిస్టమ్ ఆగిపోతూ, ఇంటరప్ట్‌లు కట్టేసి ఉన్నప్పుడు ఐ2సీ కోర్ దాన్నే వాడుతుంది. ఆ ఫంక్షన్ లేని డ్రైవర్‌ను ఆ సమయంలో ఎవరైనా పిలిస్తే హెచ్చరిక ముద్రిస్తుంది.

ఐ2సీ కంట్రోలర్ కూడా ఒక డివైసే కనుక దాని షట్‌డౌన్ ఫంక్షన్ అత్యుత్సాహంతో బస్సును పూర్తిగా మూసేస్తే, పీమిక్‌కు దారే ఉండదు. పందిరి విప్పే వరసలో ఈ ఒక్క గుంజ పీకకూడదు. ఈ సంగతి ఆ డ్రైవర్ రాసినవాడికి తెలిసి ఉండాలి.

64 బిట్ ఆర్మ్ మెషీన్లలో ఇదంతా తప్పించే దారి ఉంది. పీఎస్‌సీఐ అనే ప్రమాణం ప్రకారం కెర్నెల్ 'సిస్టమ్ ఆఫ్' అని ఫర్మ్‌వేర్‌కు ఒక ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్‌తో చెబుతుంది, మిగతా తలనొప్పి ఫర్మ్‌వేర్‌ది. ఇంకొన్ని బోర్డుల్లో ఒక జీపీఐఓ పిన్నును (సాఫ్ట్‌వేర్ నేరుగా ఆన్, ఆఫ్ చేయగల చిప్ కాలును) పైకి లేపితే చాలు. ఆ డ్రైవర్ పిన్నును కదిలించి, 3 సెకన్లు చూసి, ఇంకా బతికే ఉంటే లాగ్‌లో ఒక వార్నింగ్ పడేస్తుంది. ఇన్నేళ్ల కెర్నెల్ కోడ్‌లో ఇంతకన్నా అమాయకమైన ఎదురుచూపు నేను చూడలేదు.

అన్నిటికన్నా వింత రాస్ప్‌బెర్రీ పై. పాత పై బోర్డుల్లోని ప్రధాన చిప్‌కు పవరాఫ్ అన్నదే లేదు. అక్కడ కెర్నెల్ చేసేది రీబూట్! రీసెట్ స్టేటస్ రిజిస్టర్‌లో, తర్వాత ఏ పార్టిషన్ నుంచి బూట్ కావాలో ఫర్మ్‌వేర్‌కు చెప్పడానికి ఆరు బిట్లు ఉన్నాయి, ఒకటి విడిచి ఒకటి. ఆ ఆరింటినీ ఒకట్లు చేస్తే 63 అవుతుంది. 63వ పార్టిషన్ అంటే 'ఎక్కణ్ణుంచీ బూట్ కావద్దు, అలాగే పడి ఉండు' అని ఫర్మ్‌వేర్‌తో ఒప్పందం. కెర్నెల్ 63 రాసి, వాచ్‌డాగ్ టైమర్‌ను (గడువు దాటితే చిప్‌ను రీసెట్ చేసే గడియారాన్ని) మోగనిచ్చి రీసెట్ చేయించుకుంటుంది. ఫర్మ్‌వేర్ లేచి, 63 చూసి, మళ్లీ ముసుగు తన్నేస్తుంది. ఆపేశాక కూడా ఎర్ర లైటు వెలుగుతూ ఉంటే కంగారుపడకండి. బోర్డుకు 5 వోల్టులు వస్తూనే ఉన్నాయి, నిద్రపోయింది చిప్ మాత్రమే.

ఒకే కుర్చీ, పదిమంది

ఇన్ని రకాలుగా కేకెయ్యొచ్చు సరే. ఒక మెషీన్‌లో రెండు దారులు ఉంటే?

లైనక్స్‌లో ఏళ్ల తరబడి దీనికి సమాధానం ఒకే ఒక గ్లోబల్ ఫంక్షన్ పాయింటర్, పీఎం-పవర్-ఆఫ్. పవర్ తీయడం తెలిసిన డ్రైవర్ తన ఫంక్షన్ చిరునామాను అందులో రాసేస్తుంది, ఆఖర్న కెర్నెల్ దాన్ని పిలుస్తుంది. ఖాళీగా ఉంటే పవరాఫ్ బదులు హాల్ట్ చేసి ఊరుకుంటుంది, అంటే కరెంటు ఉండగానే కదలకుండా నిలబడిపోతుంది. పీసీల కాలానికి ఇది చాలు. ఏసీపీఐ ఒక్కటే ఆ కుర్చీలో కూర్చునేది.

ఆర్మ్ లోకంలో ఆ కుర్చీ కోసం తోపులాట మొదలైంది. ఒకరు వస్తూనే ఎవరున్నారో చూడకుండా కూర్చునేవారు. ఇంకొకరు ముందు చూసి, ఎవరైనా ఉంటే మర్యాదగా తప్పుకునేవారు. జీపీఐఓ డ్రైవర్ అలాగే ఎర్రర్ ఇచ్చి వెనక్కి వెళ్లేది. రాస్ప్‌బెర్రీ పై వాచ్‌డాగ్ డ్రైవర్ 'పవరాఫ్ హ్యాండ్లర్ ఆల్రెడీ ప్రెజెంట్!' అని ఆశ్చర్యార్థకంతో సహా లాగ్‌లో రాసుకుని ఊరుకునేది. కనుక మెషీన్ ఎలా ఆగుతుందన్నది డ్రైవర్లు లోడైన వరస మీద ఆధారపడేది. అసలైనవాడు రెండో వాడైతే, బూట్‌లో ఏ మాడ్యూల్ ఒక క్షణం ముందొస్తే దాని మీద ఉండేది మన రాత. మాడ్యూల్‌ను తీసేసేటప్పుడు పాయింటర్ ఖాళీ చేయడం మరిచిపోతే ఇంకా ఘోరం, లేని ఫంక్షన్‌కు పిలుపు వెళ్తుంది.

రీస్టార్ట్ విషయంలో ఇదే జబ్బు ముందే నయమైంది. గుంటర్ రోక్ రాసిన రీస్టార్ట్ హ్యాండ్లర్ల (ఆ పని చేసే ఫంక్షన్ల) గొలుసు 2014 డిసెంబరులో వచ్చిన 3.18 కెర్నెల్‌లో ఉంది. ప్రతి హ్యాండ్లర్‌కూ ఒక ప్రాధాన్యం, పెద్దది ముందు, అది విఫలమైతే తర్వాతది. ఆయనే అదే ఏడు పవరాఫ్‌కూ అలాంటి గొలుసు ప్రతిపాదించారు, కానీ అది లోపలికి రాలేదు. ఎనిమిదేళ్లు పట్టింది. దిమిత్రి ఒసిపెంకో రాసిన 'సిస్-ఆఫ్ హ్యాండ్లర్' పద్ధతి 2022 జులై 31న విడుదలైన 5.19తో వచ్చింది.

ఇందులో నాకు నచ్చింది గొలుసు కాదు, రెండు దశలుగా విడదీయడం. మొదటిది 'సన్నాహం' దశ. ఇక్కడ ఇంకా ఇంటరప్ట్‌లు ఉన్నాయి, నిద్రపోవచ్చు, తీరిగ్గా ఐ2సీతో మాట్లాడొచ్చు. రెండోది అసలు పవరాఫ్ దశ. ఇక్కడ నిద్ర నిషిద్ధం. ముందు చెప్పిన 'కబురు తీసుకెళ్లేవాడు వెళ్లిపోయాడు' అన్న చిక్కులో చాలా భాగం, ఏ పని ఏ దశలో చేయాలో డ్రైవర్‌ను ముందే తేల్చుకోమనడంతో తీరిపోతుంది. ప్రాధాన్యాలకు పేర్లు పెట్టారు. ఫర్మ్‌వేర్‌ది 224, అందరికన్నా పైన. మామూలువాళ్లకు సున్నా. ఇంకేమీ దొరక్కపోతే వాడే ప్లాట్‌ఫామ్ మార్గానికి మైనస్ 256. సున్నా కాకుండా వేరే అంకె కోరుకునేవాళ్లు ఇద్దరు ఒకే అంకెతో వస్తే రెండోవాడి నమోదు తిప్పి పంపుతారు. కుర్చీ తోపులాట ఆగిపోయే సమయానికి కాక, నమోదు సమయానికే బయటపడుతుంది. పాత పాయింటర్‌ను ఒక్కసారిగా పీకేయలేదు. దాన్నీ గొలుసులో సున్నా ప్రాధాన్యంతో ఒక కొక్కెంగా తగిలించి, వాడేవాళ్లంతా మారాక తీసేద్దామని కోడ్‌లోనే రాసిపెట్టారు.

ఒసిపెంకోకు ఈ అవసరం ఎక్కడ తగిలిందో చెప్పడానికి ఒక టాబ్లెట్ చాలు. 2012 నాటి నెక్సస్ 7. టెగ్రా 3 చిప్ ఉన్నది. దానికి ఛార్జర్ తగిలించి ఉండగా నేరుగా పవర్ తీయమంటే బిగుసుకుపోయినట్టు కనబడుతుంది, కేబుల్ పీకితే మళ్లీ లేచి కూర్చోవచ్చు. తయారీదారు కెర్నెల్‌లో అప్పటికే ఒక కిటుకు ఉంది. కేబుల్ ఉంటే ఒక రిజిస్టర్‌లో మాయసంఖ్య రాసి రీబూట్ చెయ్యి. బూట్‌లోడర్ ఆ సంఖ్య చూసి, ఛార్జింగ్ బ్యాటరీ బొమ్మ చూపించి, తనే ఆపేస్తుంది. కేబుల్ లేకపోతే మామూలుగా పీమిక్‌కు చెప్పు. అంటే 'ఈసారి నేను చూసుకుంటా', 'ఈసారి నావల్ల కాదు, తర్వాతవాణ్ని పిలు' అనగలిగే హ్యాండ్లర్ కావాలి. ఒకే ఒక పాయింటర్‌తో అది అతుకుల బొంతే అవుతుంది. గొలుసులో ఫర్మ్‌వేర్ ప్రాధాన్యంతో కూర్చుంటే, కేబుల్ లేనప్పుడు ఊరికే పక్కకు జరిగితే సరిపోతుంది.

వేడెక్కినప్పుడు, కరెంటు పోయినప్పుడు

మెషీన్ కాలిపోయేంత వేడెక్కితే 90 సెకన్ల మర్యాదలకు టైము లేదు. అప్పుడు కెర్నెలే యూజర్ స్పేస్‌లోని పవరాఫ్ ప్రోగ్రామును నడపమని అడుగుతుంది. అది విఫలమైతే, డిస్క్‌కు రాయగలిగింది హడావిడిగా రాయించి, నేరుగా పవర్ తీయిస్తుంది. గడువు పెట్టి ఉంటే, యూజర్ స్పేస్ ఎంత నాన్చినా ఆ గడువు దాటాక ఎవరి మాటా వినదు. యూజర్ స్పేస్‌ను నమ్మాలి కానీ మరీ నమ్మకూడదు అన్న ధోరణి ఇక్కడ బాగా కనిపిస్తుంది.

యూపీఎస్ వాడేవాళ్లకు తగిలే ఇంకో చిక్కుంది. కరెంటు పోయింది, బ్యాటరీ అడుగంటుతోంది, సర్వర్ బుద్ధిగా తనను తాను ఆపుకుంది. అది పూర్తయ్యే నిమిషంలోనే కరెంటు వచ్చేసింది. బయాస్‌లో 'కరెంటు వస్తే ఆన్ అవ్వు' అని పెట్టుకున్నా సర్వర్ లేవదు. ఎందుకంటే దాని దృష్టిలో కరెంటు పోనేలేదు, యూపీఎస్ ఇస్తూనే ఉంది. తెల్లారాక ఎవరో వచ్చి బటన్ నొక్కాలి. అందుకే నట్ లాంటి యూపీఎస్ సాఫ్ట్‌వేర్, ఫైల్‌సిస్టమ్‌లన్నీ సర్దుకున్నాక ఆఖరి ఘట్టంలో 'కాసేపాగి నీ అవుట్‌పుట్ కూడా కట్ చేసి, కరెంటు ఉంటే మళ్లీ ఇవ్వు' అని యూపీఎస్‌కు చెబుతుంది. మళ్లీ అదే ప్రశ్న: చెప్పేవాళ్లు ఇంకా బతికి ఉండగానే చెప్పాలి, మరీ ముందుగా చెబితే మన మీదికే వస్తుంది.

నా బోర్డు సంగతికి వస్తాను. పానిక్ లైను చూసి బెదిరి, దాని పైనున్న పేజీడు గోలలో మొదటి లైను చదవలేదు నేను. అక్కడే ఉంది: 'నో అటామిక్ ఐ2సీ ట్రాన్స్‌ఫర్ హ్యాండ్లర్'. అంటే ఇంటరప్ట్ లేకుండా బైటు పంపే ఆ ఫంక్షన్ లేదని. పీమిక్ డ్రైవర్ ఆగిపొమ్మని బైటు పంపింది, ఐ2సీ డ్రైవర్ రాని ఇంటరప్ట్ కోసం చూసి చూసి టైమౌట్ అయింది, పవరాఫ్ ఫంక్షన్ ఉత్త చేతులతో వెనక్కి వచ్చింది. ఆ కంట్రోలర్ డ్రైవర్‌కు తొంగిచూసే ఫంక్షన్ ఒకటి రాశాను, యాభై లైన్లు కూడా ఉండదు. కెర్నెల్ మళ్లీ కట్టి, ఎస్‌డీ కార్డులో పెట్టి, 'పవరాఫ్' అని కొట్టాను. 'రీబూట్: పవర్ డౌన్' అని పడింది. ఆ కింద ఏమీ రాలేదు. కర్సర్ అలాగే ఉండిపోయింది, బోర్డు వైపు తిరిగి చూస్తే లైటు లేదు.